టన్నుకు పదకొండు కిలోలు

రాస్ అల్ ఖైమాకు ఉత్తరాన
కొండ తెగి సముద్రం మీదికి ఒరిగినచోట
అరవై మీటర్ల ఇనుప గొట్టం ఒకటి
ఇరవై ఏళ్లుగా పొర్లుతూ పడుకుని ఉంది.
పడుకుందే గాని నిద్రపోలేదు.
లోపల పద్నాలుగువందల యాభై డిగ్రీలు.
బయట జులై.
ఈ రెంటికీ తేడా ఉందని నమ్మడానికి
నాకు వారం పట్టింది.

నేను వచ్చింది దాని లెక్క రాయడానికి.
వేడి, గాలి, రాతిపొడి, బొగ్గు
సమీకరణాలై తిరిగే
మంట లేని బట్టీ ఒకటి కట్టడానికి.
అసలుది నలభై నిమిషాల తర్వాత ఏం చేస్తుందో
ఇది ఇప్పుడే చెప్పాలి.

ఆ నలభై నిమిషాలే చిక్కు.
ఇక్కడ బొగ్గు తగ్గిస్తే
బట్టీకి ఆ కబురు అందేసరికి
ఒకడు టీ తాగి, నమాజు చేసుకుని, తిరిగొస్తాడు.
ఈలోగా చేతులు ఊరుకోవు.
ఇంకాస్త తగ్గిస్తాయి, గాబరాపడి పెంచుతాయి,
ఎసరు మీద మాటిమాటికీ మూత తీసే
కొత్త కాపురంలాగా.

బక్కన్నది కొత్త చేయి కాదు.
మంచిర్యాల సిమెంటు ఫ్యాక్టరీలో నీలి అద్దం పట్టిన నాటినుంచి
ముప్పై ఏళ్లుగా మంట ముఖమే చూస్తున్నాడు.
నా తెర మీది గీతలు చూసి అడిగాడు:
"గీటికి చెమట పడ్తదా, బిడ్డా?"

రెండు నెలల రికార్డులు తిరగేశాను.
రాత్రి రెండు దాటితే చాలు
అవసరానికి మించి బొగ్గు.
జర్వలీ షిఫ్టులో, జోస్ షిఫ్టులో,
బక్కన్న షిఫ్టులో కూడా.
వాల్వులో తప్పు లేదు. తూకంలో తప్పు లేదు.
అడిగితే చాలాసేపు పలకలేదు.
తర్వాత అన్నాడు:
"పచ్చిగ దిగితే మెమో.
మాడితే ఎవ్వడడగడు."

టన్నుకు పదకొండు కిలోలు.
బొగ్గు ఖాతాలో రాసుకున్నాం గాని
దాని పేరు భయం.
రోజూ అది పొగగొట్టం ఎక్కి
చేపల పడవల మీదుగా పోతోంది
ఎవరి లెక్కలోనూ లేకుండా.

ఆగస్టులో ఒక రాత్రి
పగ్గాలు మోడల్‌కి ఇచ్చాం.
బక్కన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు,
పెళ్లిలో వడ్డన తనది కాని వంటవాడిలా.
మూడుంబావుకి వేడి పడిపోయిందని కెమెరా అంది.
మోడల్ బొగ్గు పెంచింది.
మళ్లీ పెంచింది.

నీలి అద్దం తీసుకుని వెళ్లొచ్చాడు.
"వేడేం తగ్గలే. దుమ్ము లేసింది.
కండ్లల్ల దుమ్ము వడ్డది దానికి.
మోటరు కరెంటు సూడు, ఇసుమంత దిగిందా?
నీ మిషను సుత భయపడ్తున్నదిరో!"

నాకు నవ్వు రాలేదు.
భయాన్ని తీసేయడానికి వచ్చి
రెండు నెలల భయాన్నే దానికి పాఠం చెప్పాను.

తెల్లారేదాకా మౌజా కూర్చుని రాసింది:
కన్ను మసకబారితే మోటారు మూలుగు వినమని.
ఖసబ్ జాలర్ల మనవరాలు ఆమె,
మబ్బు పట్టిన రాత్రి అలల చప్పుడుతో
తాత ఒడ్డు చేరేవాడట.
ఆ పంక్తికి బక్కన్న పేరు పెడతానంది.
"వద్దమ్మా. అది తప్పయితే
మెమో నాకొస్తది."

ఇప్పుడు పదకొండు నాలుగయింది.
పెద్ద మాటలు చెప్పను.
ఈ రాయి ఒకనాటి గవ్వలు.
కాలిస్తే అవి దాచుకున్న ఊపిరి వదిలేస్తాయి,
ఏ గీతా దాన్ని వెనక్కి పిలవలేదు.
బొగ్గు వంతు మాత్రమే నా చేతిలో ఉంది,
అదీ సగం.

రాత్రి రెండు దాటింది.
బక్కన్న టీ పోసుకుని కూర్చున్నాడు.
చెయ్యి ఒకసారి మీట దాకా వెళ్లి
గాజు గ్లాసు దగ్గరికి తిరిగొచ్చింది.
నలభై నిమిషాలు ఊరికే కూర్చోవడం
ఈ వయసులో నేర్చుకుంటున్నాడు.

ఇంకా నాలుగు కిలోలున్నాయి.
వాటిలో బట్టీవి ఎన్నో
మావి ఎన్నో
ఇంకా తేలలేదు.